ట్రాన్సిస్టర్ పొడుగు కాళ్లు

అన్నా,

నువ్వు పోయి ఇయ్యాలకు ఏడాది. ఇంట్ల కూసుందామంటే మనసు నిలువలే. నువ్వు ఆఖర్న చేసి డబ్బాల పెట్టిన బోర్డు తీస్కపోయి డిండోలి కార్ఖానల మగ్గానికి బిగించిన. పోగు తెగితే మగ్గాన్ని ఆపాలె గదా, ఇది తెగకుండనే ఆపుతున్నది.

"బెన్, నీ అన్నతోనే ఆ పని పోయింది. రేపు కొత్త బోర్డు తెస్త" అన్నడు కార్ఖాన గుజరాతీ సేఠ్, నన్ను చెల్లె అని పిలుస్తడు. నేనే సాయంత్రం దాంక ఆగుమన్న.

పోగు మీద వెలుగు పడేసే బల్బుకు ఒక్కతీరుగ కరెంటు ఇయ్యాల్సిన ట్రాన్సిస్టరే వణుకుతున్నది, వెలుగు అదిరితే పోగు తెగిందనుకుంటున్నది బోర్డు. రేడియో దగ్గర పెడితే కీచుమన్నది. వేలు ఆనిస్తే ఊకున్నది, తీస్తే మళ్ల మొదలు. కెపాసిటర్ మార్చిన, వైర్లు మార్చిన. తిరిగి తిరిగి చూస్తే, దాని కాళ్లు రెండు వేళ్ల పొడుగున్నయి. "రేపు ఇంకో బోర్డుకు పనికొస్తది, కాళ్లు కొయ్యకు" అంటుంటివి. పాతవాటికి చెల్లింది. ఇది కొత్త రకం, శాన చురుకు. గా పొడుగే దీన్ని వణికిస్తున్నది.

కట్టర్ పట్టుకొని మగ్గాల నడుమ శానసేపు తిరిగిన. అది నీ చేతి టంకం. కోసిన. పొట్టిగ చేసి మళ్ల అతికిచ్చిన. రేడియో ఊకున్నది, మగ్గం ఆగకుంట నడుస్తున్నది.

అయినా దాని మీద పెట్టిన వేలు తియ్యబుద్ధయితలేదు అన్నా.