సోమవారం గడిలో వాన

క్యారీ, అమెరికా,
సోమవారం, 17-9-2012

సౌభాగ్యవతి జయంతికి,

ఇక్కడ నేనూ, పెరట్లో బెండమొక్కలూ కులాసా. అక్కడ నువ్వూ, నీ తొమ్మిదో తరగతి పిల్లలూ కులాసా అని తలుస్తాను. ఫోన్లో నాకు మాట పెగలదని నీకు తెలుసు, అందుకే రాస్తున్నాను.

మోకాలు తగ్గింది. నర్సరీలో కుండీలు మోయడం మాన్పించి మొక్కలకి నీళ్లు పెట్టే పని ఇచ్చారు. "తెలుగు క్యాలెండర్లు అక్కడి కొట్లో ఊరికే ఇస్తారట కదా, నన్నెందుకు ఏటా పోస్టు చేయమంటావు బావా?" అని అడిగావు. చెప్తాను. కాస్త సిగ్గుగా ఉంది.

మా వీధిలో ఉండే రామమోహన్ గారమ్మాయి అనిక ఇక్కడి యూనివర్సిటీలో చదువుతోంది. ఈ ప్రాంతంలో వానలు ఎలా మారుతున్నాయో, రైతులు విత్తే రోజులు ఎంత జరుపుకోవాలో వాళ్లు లెక్క తీస్తున్నారు. పెరట్లో గొట్టం పెట్టి ఆరేళ్లుగా రోజూ వాన కొలుస్తున్నానని తెలిసి, నువ్వు పంపిన క్యాలెండర్లన్నీ పట్టుకెళ్లింది. మన పాల లెక్కలాగే, నేను రాసేది తేదీ గళ్లలోనే కదా. బడి మొహం సరిగ్గా చూడని నా రాత యూనివర్సిటీ దాకా వెళ్లిందని పొంగిపోయాను.

శనివారం అవి తిరిగివ్వడానికి వచ్చింది.

"అంకుల్, క్యారీ అంతా మండే తడిస్తే మీ బ్యాక్‌యార్డ్ ట్యూస్‌డే తడిసింది. ఎవ్రీ టైమ్! మీ క్లౌడ్స్ లేజీనా?" అని నవ్వింది. తరవాత మెల్లగా, "రీజన్ తెలీకపోతే ప్రొఫెసర్ మీ డేటా తీసేస్తారు. మొత్తం సిక్స్ ఇయర్స్," అంది.

కారణం నాకు వెంటనే తట్టింది. సిగ్గేసి, క్యాలెండర్లు తీసుకుని పంపించేశాను. ఇవాళ పని అయ్యాక వాళ్లింటికి వెళ్లి చెప్పాను.

"వంటింటి గడియారం ఇండియా టైములో ఉంటుందమ్మా. సాయంత్రం నేను వాన చూసేసరికి మా ఆవిడకి తెల్లారుతుంది. తనకి ఏ తేదీ అయితే ఆ గడిలో రాశాను."

"వై అంకుల్?"

"అలవాటు."

వాళ్లమ్మ రేణు గారు పొయ్యి దగ్గర్నుంచే అందుకున్నారు. "అలవాటా అన్నయ్యగారూ! వదినకి తెలుసా ఈ అలవాటు?"

నీకు తెలియదు. ఇన్నాళ్లూ చెప్పలేకపోయాను. నీ గోడ మీద ఉన్న క్యాలెండరే నా గోడ మీదా ఉంటే, దాని ముందు నిలబడ్డప్పుడు ఇద్దరం ఒకే రోజులో ఉన్నట్టుండేది.

అనిక ఒక్క రోజు వెనక్కి జరిపితే అన్నీ సరిపోయాయి. ఆరేళ్ల రాతా పనికొస్తుందట. "ఇంక ఇక్కడి డేట్ రాయండి అంకుల్, ప్రామిస్?" అంది. సరేనన్నాను.

ఇప్పుడే గొట్టం చూసి వచ్చాను. అర అంగుళం. సోమవారం గడిలో వేశాను. నీకప్పుడే మంగళవారం వచ్చేసింది. ఆరేళ్లలో నువ్వింత దూరంగా ఎప్పుడూ లేవు జయంతీ.

ఇట్లు,
నీ బావ
దామోదర్