కవరు వద్దన్న మనిషి

కరీంనగర్, 12-8-1991

చి. వసుంధరకు, కులాసా అని అబద్ధం రాయను. మీ బాపు మొన్నటికంటె నయం.

ప్రోస్టేట్ క్యాన్సర్ మందులు మొదలైనప్పటిసంది గోడ దిక్కు తిరిగి పండుకునే మనిషికి, దిగులు తగ్గుతదని డాక్టరు ఆక్యుపంక్చర్ సూదులు పెట్టిస్తుండు. నేను నమ్మలే. నిన్న దవాఖానల పక్క మంచం మీద అదే జబ్బున్న అజీముద్దీన్ సాబ్, ఒంటినిండ సూదులతోటి పండుకొనే అడిగిండు: "రావుసాబ్, మీకు సుత ఊకె ఏడుపొస్తదా?" మీ బాపుకూ సూదులున్నయి, లేచి పోయెటట్టు లేదు. ఆయన "వస్తది భాయ్" అన్నడు. నాతోని ఏనాడూ అనని మాట. తెర ఇవతల నేను విననట్టే కూసున్న.

గుణం సూదులదో, సాబ్‌దో తెల్వదు. రెండూ నడవనీ.

చింతపండు పంపు, పోయినసారిది పులుపే లేదు. చిన్నోని దగ్గు తగ్గిందా? ఇక్కడికి వచ్చినప్పుడు, మగమనిషి ఏడుసుడేందని మీ ఆయన నోరు జారకుండ చూసుకో. అందరికీ నా ఆశీస్సులు.

జబ్బు సంగతి పోస్టుకార్డు మీద రాసిందేందని పరేషాన్ గాకు. ఇన్నాళ్లు కవరు అంటించి పంపుమన్నది మీ బాపే. ఇయ్యాల "కార్డు చాలు, చదివెటోళ్లు చదువుకోనీ" అని పోస్టాఫీసుకు పోయి తెచ్చింది కూడా ఆయనే.

మీ అవ్వ