పూజలో రైఫిల్

బోయిసీ, అమెరికా, మహర్నవమి రాత్రి

మా అమ్మాయి స్వాతి ఇవాళ రైఫిల్ కొంది. వచ్చే వారం అల్లుడితో కలిసి ఎల్క్ వేటకి వెళుతుందట. ఎల్క్ అంటే గుర్రమంత దుప్పి. కోడిగుడ్డు కూడా వండని ఇంట్లో పెరిగిన పిల్ల!

కొనేముందు షూటింగ్ రేంజ్‌లో కాల్చి చూస్తానంటే నేనూ వెళ్లాను. ముందు మాగ్నమ్ తీసుకుంది, పెద్ద గుండుతో భుజాన్ని గట్టిగా తన్నే రైఫిల్. ట్రిగ్గర్ నొక్కే ప్రతిసారీ కళ్లు గట్టిగా మూసుకుంటోంది. చిన్నప్పుడు ఇంజెక్షన్‌కీ అంతే.

"చిన్నది తీసుకోమ్మా," అన్నాను.

"కానీ నాన్నా, ఎల్క్ చాలా బిగ్ కదా. గాయంతో పారిపోతే? అదే నా భయం."

"కళ్లు మూసుకుని కాలిస్తే ఎంత పెద్ద గుండైనా ఎక్కడో తగులుతుంది."

మాగ్నమ్ పక్కన పెట్టేసింది. తర్వాత అంతకన్నా చిన్న గుండుది, త్రీ-నాట్-ఎయిట్ అడిగి తీసుకుని కాల్చింది, కళ్లు తెరిచే. అయిదు గుళ్లూ అరచేయంత చోటులోనే పడ్డాయి. అదే కొన్నాం.

సాయంత్రం ఆయుధ పూజ. ఏటా మేం దేవుడి ముందు పెట్టేవి లాప్‌టాప్‌లూ కారు తాళాలే. రైఫిల్ చూసి మా ఆవిడ శారద గొడవ చేస్తుందనే అనుకున్నాను. "ఖాళీదేనా?" అని మాత్రం అడిగింది. స్వాతి తెరిచి చూపించింది. శారద దాన్ని లాప్‌టాప్‌ల పక్కన పెట్టించి, కుంకుమ బొట్టు పెట్టి, చాలాసేపు దణ్ణం పెట్టుకుంది.

ఏం కోరుకున్నావని ఇందాక అడిగాను.

"ఒక్క దెబ్బకే పోవాలని. పాపం, దానికి నొప్పి తెలియకూడదు."

నేను కోరుకున్నది తనకి చెప్పలేదు. చిన్న గుండు చాలన్నవాణ్ణి నేనే కదా... అసలా ఎల్క్ వాళ్ల కంటబడకూడదని.