నా వంతులో మాట్లాడండి

గుడ్రున్ అక్కకు,

నిలువెత్తు బేస్ ఫిడేలు మూలన పెట్టి వచ్చెయ్యమని ఆర్హుస్‌లో మీ ఇంట్లో నాకోసం గది ఖాళీ చేశావు కదా, అందులో ఇంకొన్నాళ్ళు నీ కుట్టుమిషనే ఉంచుకో.

నిన్న మధ్యాహ్నం ఇక్కడి క్లబ్బులో నా వీడ్కోలు కచేరీ జరిగింది. జాజ్‌లో బేస్ ఒక్కటే వాయించే వంతు వస్తే జనం బీరు తెప్పించుకుని కబుర్లలో పడతారు. నలభై ఏళ్ళూ ఆ గోలలోనే వాయించాను. నిన్న మాత్రం నా మీద గౌరవంతో అందరూ నోళ్ళు మూసుకున్నారు. గ్లాసు చప్పుడు కూడా లేదు. నాకు చెమటలు పట్టాయి. వేళ్ళు బిగుసుకుపోయి, పాట ఎక్కడిదాకా వచ్చిందో మరిచిపోయాను.

డ్రమ్ములు వాయించే ప్రెబెన్ ఉండబట్టలేక అరిచాడు. "ఒరేయ్, ఎవరైనా మాట్లాడండ్రా! ముసలాడు పోయేలా ఉన్నాడు!"

"హెరింగ్ చేప ఎవరికి కావాలి?" అని బారులో వడ్డించే బిర్తే కేకేసింది. నాకంటే నాకని గోల మొదలైంది. నా వేళ్ళు కదిలాయి. అంత బాగా నేనెప్పుడూ వాయించలేదక్కా! ఒక్కడూ వినలేదు.

ఎవరూ వినలేదు కాబట్టి ఆ వీడ్కోలు చెల్లదట, ప్రెబెన్ తీర్పు. వచ్చే ఆదివారం మళ్ళీ కచేరీ. నువ్వు తప్పక రా. ముందు వరుసలోనే కూర్చో. నా వంతు రాగానే నీ మోకాలి నొప్పి సంగతి ఎత్తుకో.

నీ తమ్ముడు