జాబితాలో మిగిలిన నీ పేరు

పెద్దోడి నాయనకు,

నీ ఆయాసం తగ్గిందా? నీకంటే ముందు పోయిన మీ అమ్మకు కండ్లు కనబడుతున్నాయా? ఇక్కడ పెద్దోడు, కోడలు బాగున్నారు. వాన లేక శెనక్కాయ చేను ఎండిపోయింది. నాకు ఊరికే గుండె దడ.

నిన్న పార్లమెంటు ఓట్లు. ఢిల్లీలో మన మాట చెప్పేవాణ్ని మనమే పంపాలని నువ్వు జ్వరంతో కూడా నడిచిపోయి ఓటేసేవాడివి. నువ్వు పోయిన ఏడాది ఓటర్ల జాబితా రాసేవాళ్లు ఇంటికొచ్చి చనిపోయినవాళ్ల పేర్లు అడిగారు. మొగుడి పేరు ఎలా పలికేదని తల వంచుకున్నాను. అందుకే నీ పేరు జాబితాలో అలాగే ఉండిపోయింది.

నిన్న ఓట్లేసే బడిలో ఎవడో పక్క ఊరివాడు నీ పేరు చెప్పి చీటీ చూపించాడు. పార్టీ ఏజెంట్లు వాళ్ల జాబితాల్లో నీ పేరు పక్కన టిక్కు పెట్టుకున్నారు.

"అది నా మొగుని పేరు సారూ. ఆయప్ప సచ్చిపోయినాడు," అన్నాను.

"ఊరికే ఉండవ్వా! పోయినోని ఓటుతో నీకేం పని?" అని వాడు కసిరాడు.

ఓట్లు వేయించే ఆఫీసరు వాణ్ని ఆపాడు. "ఒక మనిషికి ఒకటే ఓటు. ఇంకొకరిది వేస్తే చట్టం ఒప్పదు. మీ ఆయన పేరేందో నువ్వు చెప్పమ్మా," అన్నాడు.

నీ పేరు చెప్పాను. పెళ్లయిన నలభై ఏండ్లలో అదే మొదటిసారి. వాణ్ని బయటికి పంపేశారు.

పావగడ తాలూకాఫీసులో అర్జీ ఇస్తే నీ పేరు కొట్టేస్తారట. ఉంచితే ఇంకెవడో నువ్వయిపోతాడు. కొట్టేస్తే జాబితాలో నా పేరు పైన నువ్వుండవు. రెండూ భయమే. అయినా అర్జీ ఇయ్యడానికి సోమవారం పొద్దున బస్సుకు పావగడ పోతున్నాను.