మలుపులో బ్రేకు చప్పుడు

చిట్టి వాళ్ళ నాన్నకు,

ఫోనులో అయితే నవ్వేసి తప్పించుకుంటావు. అందుకే కాగితం మీద అడుగుతున్నాను. మన మలుపులో ఇంజన్ బ్రేకు డబడబమని మోగగానే అది నీ లారీయో కాదో చెప్పేయగలను. నీదైతే ఎసరు పెట్టేదాన్ని. మూడు నెలలుగా బ్రేకు మోగేది, అన్నం ఉడికేది, నువ్వు మాత్రం రావు. అడిగితే అర్జెంటు లోడు అనేవాడివి. నమ్మాను.

ఇప్పుడు ఊరి ముందు ఇంజన్ బ్రేకు వాడకూడదని బోర్డు పెట్టారు. గ్రామసభ తీర్మానమట, వాడితే జరిమానా అట. బడిలో పాఠాలు వినపడక టీచరమ్మ అడిగిందేమో అనుకున్నాను. నిన్న సచివాలయంలో ఆ అర్జీ చూశాను. మొదటి సంతకం నీది. గీత దాటి, అడ్డదిడ్డంగా, ఇంత పెద్దది. నేను కాఫీ పళ్ళు ఏరడానికి వెళ్ళిన రోజు చూసుకుని వచ్చి మరీ పెట్టావట. లారీ డ్రైవరు తన బ్రేకు తానే ఎందుకు మానిపిస్తాడు? నువ్వెప్పుడు వెళ్తున్నావో నాకు తెలియకూడదనేగా?

మన పక్కింటి మంగ్లు సంత నుంచి వచ్చి ఇంకో మాట చెప్పాడు. "మీ ఆయన డుంబ్రిగుడలో రత్న హోటల్లో నీళ్ళు మోస్తన్నాడు. నన్ను సూసీ పలకనేదు." ఇంట్లో ఒక్కరోజైనా బిందె ఎత్తావా? ఆ రత్న ముఖం ఎలా ఉంటుందో నేనూ చూడాలి. శుక్రవారం లోపు నిజం చెప్పకపోతే చిట్టిని తీసుకుని మా అమ్మ దగ్గరికి వెళ్ళిపోతాను.

ఇంకా నీదాన్నే అనుకుంటున్న
సరళ

*

సరళా,

నీ ఉత్తరం రత్నమ్మే చదివి వినిపించింది. ఇది రాస్తున్నదీ ఆవిడే. "అరవై దాటిన ముకం, సూడ్డానికి బేగి రమ్మను" అంటోంది.

నా కుడికన్ను పోయింది. ఎడమదీ మసకే. బండి ముట్టుకోవద్దని డాక్టరు చెప్పాడు. మూడు నెలల కిందటే ఓనరు నా లారీని అప్పలస్వామి అనే ఇంకో డ్రైవరుకి ఇచ్చేశాడు. స్టీరింగు తప్ప ఇంకో పని తెలియనివాణ్ణి, నీకేమని చెప్పను? రత్నమ్మ జాలిపడి నీళ్ళు మోసే పని ఇచ్చింది. మంగ్లు ఎదురుగా నిలబడ్డా పోల్చుకోలేకపోయాను.

అప్పలస్వామి మన మలుపులో బ్రేకు వేసినప్పుడల్లా నువ్వు అన్నం వండి కూర్చునేదానివి. వండానని ఫోనులో నువ్వు చెప్పిన రోజు నాకు ముద్ద దిగేది కాదు. నిజం చెప్పే ధైర్యం లేక ఆ చప్పుడే ఆపించాను. గీత కనపడక సంతకం అలా పడింది.

వెళ్ళకు. శుక్రవారం బస్సులో వస్తున్నాను. రోడ్డు మీదికి వచ్చి నిలబడు. బస్సు దిగి నిన్ను దాటుకుని వెళ్ళిపోతే కోపం తెచ్చుకోకు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ పిలవలేదు గానీ, ఆ రోజు నన్ను పేరు పెట్టి పిలువు.

నీ
ఫల్గుణ