హానా ముఖానికి పౌడరు

సుబ్బక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ అరబ్బు దేశంలో, అర్దియాలోని అనాథ పిల్లల హోమ్‌లో నీ ఆయా పని ఇప్పుడు నేనే చేస్తున్నాను.

నిన్న హోమ్ నడిపే ఆవిడ, మనం 'మామా' అని పిలుస్తామే, ఆయాలందర్నీ కూర్చోబెట్టి నేరుగానే అడిగింది. శుక్రవారాలు పిల్లల్ని ఒక్క పూటకు తమ ఇంటికి తీసుకెళ్లే కుటుంబాలు వస్తే తెల్లపిల్లల్నే ముందుకు ఎందుకు తోస్తారని, ఇథియోపియా తల్లి వదిలివెళ్లిన హానా వెనకే ఎందుకు ఉండిపోతోందని.

ముందుగా రాయచోటి రమణమ్మ వచ్చీరాని అరబ్బీలో ఒప్పుకుంది. తెల్లపిల్ల దగ్గితే డాక్టరు దగ్గరికి పరిగెడతామని, హానాకు జ్వరమొస్తే గట్టిపిల్ల, తగ్గిపోతుందిలే అంటామని. ఆ తర్వాత అందరూ నోరు విప్పారు. కోపాలూ వచ్చాయి. "మనమేమన్నా తెల్లగుండామా, ఆ బిడ్డను ఎనక్కి నెట్టేదానికి?" అని రమణమ్మ నాతో అంది. ఇకమీదట వంతులవారీగా పంపాలని, మొదటి వంతు హానాదేనని తేలింది.

ఈ రోజు శుక్రవారం. హానా తల దువ్వించుకుని, నీ పౌడరు డబ్బా తెచ్చిచ్చి, కళ్లు మూసుకుని ముఖం పైకెత్తింది. నువ్వు చేసిన అలవాటే. "ఈ పొద్దు వద్దులేమ్మా" అన్నాను.

"పౌడరు పుయ్యకుంటే నన్ను తీస్కపోరంట. అవ్వ చెప్పింది" అంది, అచ్చం నీ యాసలో.

నువ్వు ప్రేమకొద్దీ చెప్పావని నాకు తెలుసు. తడిగుడ్డతో ముఖం తుడిచి, ముందుగా వచ్చిన కుటుంబంతో అలాగే పంపించాను.

డబ్బా మాత్రం పారెయ్యలేదక్కా. మూత తీస్తే నీ వాసన.